పాట నడిమిట్ల ఖాళీ

పప్పులో ఉప్పు ఎక్కువైంది. ఆ మాట చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

సంగమ్మ కంచాలు ముందు పెట్టింది. గరిటెతో పప్పు గంజు అంచు మీద ఒక దెబ్బ కొట్టింది. తినండి అని దానర్థం. వెనక్కి తిరిగి వంటింట్లోకి పోయింది.

"అమ్మా, నువ్వు తినవా?"

జవాబు లేదు. ఆదివారం నుంచి ఆ ఇంట్లో జవాబులన్నీ గరిటె చెబుతోంది.

"నాయినా, నువ్వన్న ఒక మాట అడుగు," అంది రవళి.

యాదన్న ముద్ద మింగి ఎడమ చెవి కూతురి వైపు తిప్పాడు. బాయిలర్ పక్కన నిలబడీ నిలబడీ కుడి చెవిని ఎప్పుడో కంపెనీకి అప్పజెప్పాడు. ఎడమది సగం మిగిలింది. కంపెనీ దాన్నీ అడిగేదే, ఈలోపు కాంట్రాక్టు అయిపోయింది.

"ఏంది బిడ్డా?"

"అమ్మ మాట్లాడ్తలేదు గద. నువ్వడుగు అంటున్న."

"నాకు పెద్ద తేడా తెల్వలే. మొన్నటి దాకా నా చెవే ఇంకింత పోయిందనుకున్న."

మామూలు రోజైతే ఈ మాటకు వంటింట్లోంచి కనీసం ఒక చెంబు ఎగిరి వచ్చేది. రవళి తలుపు వైపు చూసింది. యాదన్నా చూశాడు. చెంబు రాలేదు. అప్పుడు యాదన్నకు నిజంగానే భయమేసింది.

పాశమైలారంలో ఈ గల్లీకి ఇంతకంటే పెద్ద కష్టాలు రాలేదని కాదు. బోర్లలో నీళ్లు రంగు మారిన ఏడాది వచ్చింది. బర్రెలు ఈనక ఎండిపోయిన ఏడాది వచ్చింది. అర్జీలు రాసిన చదువుకున్నోళ్లు ఉన్నారు. ఆ అర్జీలు ఏ బల్ల కింద పడున్నాయో వాళ్లకే తెలియదు. గల్లీకి దిక్కుగా నిలబడింది సంగమ్మ నోరు ఒక్కటే. మందుల కంపెనీ పెద్ద పొగగొట్టం కంపు వదిలిందంటే చాలు, ఆమె వాకిట్లోకి వచ్చి, నడుము మీద చెయ్యి పెట్టి, ఆ గొట్టాన్ని పక్కింటి తాగుబోతును తిట్టినట్టు తిట్టేది. కంపు తగ్గేది కాదు. కానీ విన్నవాళ్ల గుండెలో ఏదో కొంచెం తగ్గేది.

ఆ నోరే ఇప్పుడు మూతపడింది. మూసింది కంపెనీ కాదు, కడుపున పుట్టిన కూతురు. రవళికి అన్నం దిగకపోవడానికి కారణం అది.

అరుణమ్మ గిన్నె పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. పక్కిల్లే. చింతపండు అడగడానికి వచ్చినట్టు వచ్చింది కానీ చూడటానికి వచ్చిందని అందరికీ తెలుసు.

"పలికిందా?" అంది గొంతు తగ్గించి.

రవళి తల అడ్డంగా ఊపింది.

"నువ్వు గూడ చేసిన పని గట్లుంది పిల్లా. కన్నతల్లి తిట్లను పట్టుకపోయి పాటల పెడ్తవా? ఆటోలల్ల అదే. చాయ్ బండి కాడ అదే. బిహార్ పోరగాండ్లకు తెలుగు రాదు గాని 'జెర మూత పెట్టుకో' అని మాత్రం మంచిగంటున్రు."

"నేను నవ్వులాటకు పెట్టలే చిన్నమ్మా."

"నవ్వులాటకు పెట్టకపోతేంది, మందుల కంపెనీ క్యాంటీన్ల ఏమైందో తెలుసు గద. పోరగాండ్లు కంచాలు కొట్టుకుంట పాడుతుంటే ఆ ఇన్‌ఛార్జి నవీన్‌కుమార్ సారు మీ అమ్మ దగ్గరికొచ్చి, గీ గొంతు నీదేనా అక్కా అన్నడంట. అందరి ముంగట. ఆమె నౌకరీ చేసే జాగ అది. ఏం జెప్తది? నాది గాదు సారూ అన్నది. అప్పటి సంది అక్కడ నోరిప్పుతలేదు. ఇప్పితే గొంతు గుర్తువడ్తరు."

"అక్కడ సరే. ఇంట్ల ఎందుకు?"

సంగమ్మ వంటింట్లోంచి వచ్చింది. అరుణమ్మ గిన్నెలో చింతపండు వేసింది. కూతురి పక్కన చాప మీదున్న ఫోను తీసింది. బియ్యం డబ్బా మూత తెరిచి, ఫోనును బియ్యంలో మోచేయి లోతుకు దూర్చి, మూత గట్టిగా నొక్కింది. చేతులు దులుపుకుంది.

అరుణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, జాలికో, రెండూ కలిసో.

రవళికి నవ్వు రాలేదు. ఇంట్లో ఎందుకు మాట్లాడటం లేదో ఇప్పుడు అర్థమైందనుకుంది. తన తల్లి తనను చూసి భయపడుతోంది. ఏ మాట ఎప్పుడు పట్టుకుపోతుందో అని.

రవళిని షిఫ్టుకు తీసుకుపోయే కంపెనీ బస్సు హారన్ కొట్టింది. సంగమ్మ క్యారియర్ కూతురి చేతిలో పెట్టింది. ఎప్పటిలాగే రెండు రొట్టెలు ఎక్కువ పెట్టింది. ఎప్పటిలాగే అడుగున బెల్లంముక్క. కోపమున్న మనిషి బెల్లంముక్క పెడుతుందా? పెట్టదు. మరి కోపం కాకపోతే ఇదేమిటి?

రవళి బియ్యంలోంచి ఫోను తీసుకుని, గింజలు రాలుస్తూ బస్సు వైపు పరుగెత్తింది.

*

చర్చి వరండాలో ఎబెనేజర్ ప్రాక్టీసు ముగించి కీబోర్డుకు గుడ్డ కప్పుతున్నాడు. పొద్దుటి షిఫ్టు విడిచి మధ్యాహ్నం నేరుగా అక్కడికే వచ్చింది రవళి. గడపలో కూర్చుని చెప్పులు కూడా విప్పలేదు.

"పాట తీసేస్తున్న."

"కూసో, నీళ్లు తాగు."

"కూసున్న గద. తీసేస్తున్న అంటున్న."

"తీసేస్తే పోతదా? అందరి ఫోన్లల్ల ఉన్నది."

"అందరి ఫోన్లల్ల ఉండనీ. నా కాడ ఉండొద్దు."

ఎబెనేజర్ ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఈ పిల్లాడు ఆదివారం ఆరాధనలో కీబోర్డు వాయిస్తాడు. మిగతా దినాల్లో ఒక రేకుల షాపులో లెక్క చూస్తాడు. పాటకు దరువు వీడిదే. దరువంటే డోలూ డప్పూ కాదు. బాయిలర్ ఆవిరి వదిలే సుయ్ మనే చప్పుడు. మాత్రల అట్టలు కోసే మిషను టకటకలు. షిఫ్టు బస్సు హారన్ తల నరికి, తోక నరికి, నడుమ మిగిలిన ముక్క. వాటి మీద సంగమ్మ గొంతు. ఆ గొంతుకు ఏ రాగమూ వేయలేదు. ఉన్నదున్నట్టు పెట్టారు. వాకిట్లో చీకటి పడే వేళ, ఆమెకు తెలియకుండా రవళి ఫోనులో పట్టింది.

*ఓ గొట్టమా, నీకు పొద్దు లేదు, మాపు లేదు,*
*తిన్నదరగక తేన్పులన్ని మా మీద ఇడుస్తవు.*
*పొయ్యి మీద పప్పున్నది, ఉయ్యాలల పిల్లున్నది,*
*జెర మూత పెట్టుకో. జెర మూత పెట్టుకో.*
*నీకు అమ్మ లేదా? నోరు కడుగ నేర్పలేదా?*

అది మొదటి సగం. ఆ తర్వాత పాట ఆగుతుంది. దరువు లేదు, గొంతు లేదు, ఏమీ లేదు. చెవి దగ్గర పెట్టుకుంటే ఎవరో ఊపిరి బిగబట్టినట్టు మాత్రం ఉంటుంది. ఆ ఖాళీ చాలాసేపు నడుస్తుంది. ఖాళీ తర్వాతే రవళి పాడుతుంది.

"ఆ రోజే మొత్తుకున్న," అన్నాడు ఎబెనేజర్. "ఆ ఖాళీల కీబోర్డు సన్నగ పెడ్దమన్న. ఇనలే నువ్వు. ఇప్పుడేమైంది? పాట ఒడిసిపోయిందనుకున్నరు అందరు. ఆడికే కోసి స్టేటస్‌లు పెట్టుకున్నరు. నువ్వు పాడింది ఒక్కడన్న ఇన్నడా? తిట్లు మిగిలినయి, అంతే."

"కంపు వచ్చినప్పుడు మనకు కీబోర్డు ఇనవడ్తదా?"

"ఇనవడదు."

"ఏం చేస్తం?"

"ముక్కు మూసుకుంటం. ఊపిరి బడ్తం."

"గంతే మరి. ఆ ఖాళీ తీసేస్తే అది మన గల్లీ పాట కాదు. ఇంకేదో పెండ్లి పాటయితది."

"సరే, నీదే కరెక్టు. నీ కరెక్టు ఎవలకు ఎక్కింది?"

వరండా చివర చిన్నపిల్లలు చెప్పులు మార్చుకుని కొట్టుకుంటున్నారు.

"మా అమ్మకు ఇనిపించిన నేను," అన్నాడు ఎబెనేజర్. "మా సుకుమారమ్మ సంగతి తెలుసు గద. దేవుని కీబోర్డు కొట్టే చేత్తోని తిట్లకు దరువు వేస్తవారా అన్నది. అన్నం గూడ పెట్టలే. తర్వాత మిషను కుట్టుకుంట, ఏదీ, ఇంకొకపారి పెట్టు అన్నది. మళ్ల పెట్టు అన్నది. మీ అమ్మను చూడాలన్నది."

"మా అమ్మ నాతోనే మాట్లాడ్తలేదు, మీ అమ్మతోని ఏం మాట్లాడ్తది?"

"రవళీ, ఇంకో మాట. నవీన్‌కుమార్‌ను కంపెనీ మీదోళ్లు, పెద్ద సార్లు, బాగ సతాయిస్తున్నరంట. గొంతు ఎవలదో ఇయ్యాల పేరు చెప్పాలె అన్నరంట. షిఫ్టు అయినంక మీ గల్లీకే వస్తడు. మా షాపుల డ్రైవర్ చెప్పిండు."

రవళి లేచి నిలబడింది. "గందుకే తీసేస్తా అంటున్న. పాటే లేకుంటే ఏం అడుగుతడు?"

"మీ అమ్మను అడిగినవా?"

"ఏం అడగాలె? మాట్లాడ్తలేదు గద."

"పాట పెట్టేటప్పుడు అడగలే నువ్వు. తీసేటప్పుడన్న అడుగు."

ఆ మాట చెప్పుదెబ్బలా తగిలింది. రవళి ఫోను తెరిచి చూసింది. తీసెయ్యి అనే గుర్తు మీద వేలు పెట్టింది. ఒక్కసారి నొక్కితే పోతుంది. తెరమీద బియ్యపు పొడి ఇంకా అంటుకునే ఉంది.

వేలు తీసేసింది. అమ్మ నోటితో చెప్పాలి. తీసెయ్యి అననీ, ఉంచు అననీ. తిట్టనీ. ఏదో ఒకటి నోటితో అనాలి.

*

యాదన్న వాకిట్లో మంచం వాల్చుకుని ఉన్నాడు. సంగమ్మ అప్పుడే క్యాంటీన్ నుంచి వచ్చి వంటింట్లో కూర తరుగుతోంది.

"నాయినా, ఆ పాట ఇయ్యాల తీసేస్తనేమో."

"ఏ పాట?"

"అమ్మ పాట."

"తీసేస్తవా?" యాదన్న కొంచెం కలత పడ్డాడు. "నేను సక్కగ విననే లే. అందరు నవ్వుతున్నరు, నవ్విన. ఒకపారి పెట్టియ్యి బిడ్డా. చెవుకు ఆనిచ్చుకుంట."

రవళి పాట పెట్టి ఫోను ఆయన చేతిలో ఉంచింది. ఆయన దాన్ని ఎడమ చెవికి నొక్కి, కళ్లు మూసుకున్నాడు.

రవళి వంటింటి గడపలో కూర్చుంది.

"అమ్మా."

కత్తిపీట మీద వంకాయ నాలుగైంది.

"ఫోన్ నాయిన కాడున్నది. నా చేతుల ఏం లేదు. సూడు."

రెండు చేతులూ తెరిచి చూపింది. సంగమ్మ చూసింది. మళ్లీ వంకాయ వైపు తిరిగింది.

"నిన్ను నవ్వులపాలు చేద్దామని పెట్టలే అమ్మా. నీ లెక్క నాకు రాదు. ఎంత రాసినా రాదు. రాసి రాసి చింపిన. ఆ దినం నువ్వు వాకిట్ల నిలవడి అంటుంటే, ఇగ నేను రాసుడెందుకు అనిపించింది. అడగాల్సింది. అడగలే. కొట్టు. రెండు ఏస్తే నాకు మంచిగుంటది."

సంగమ్మ కత్తిపీట పక్కకు జరిపింది. కూతురి గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది. కన్నీళ్లేమైనా ఉన్నాయా అని చూసింది. ఉన్నాయి. కొంగుతో తుడిచింది. నోరు కొంచెం తెరుచుకుంది.

మళ్లీ మూసుకుంది. తల తిప్పేసుకుంది.

"ఏందమ్మా, చెప్పరాదు? నా మీద కోపం కాదా? మరేంది?"

అప్పుడు వాకిట్లోంచి యాదన్న అరిచాడు. చెవిటి మనిషి రహస్యం చెప్పినా ఊరంతా వింటుంది. "ఓ సంగమ్మా. ఇటు రా. నీ బిడ్డ ఈ పాటల నీ గురించి చెప్తున్నది."

రవళి ఉలిక్కిపడి గడపలోంచే చూసింది. "నాయినా, నువ్వు తర్వాతది విన్నవా?"

"తర్వాతదేంది? ఉన్నదంత ఇన్న."

"నడుమ ఆగిపోలేదా?"

"ఆగిందా? నాకేమెరుక. సప్పుడు వస్తది, పోతది. నా చెవే పోయిందనుకొని గట్లనే పట్టుకున్న. మళ్ల వచ్చింది."

రవళికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఈ ఇండస్ట్రియల్ ఏరియాలో చెవులు సరిగ్గా ఉన్నవాళ్లందరూ పాట అయిపోయిందని కట్టేశారు. సగం చెవి ఉన్న మనిషి ఒక్కడు చివరిదాకా పట్టుకుని కూర్చున్నాడు.

సంగమ్మ చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. వాకిట్లోకి వచ్చి మొగుడి పక్కన మంచం పట్టె మీద కూర్చుంది. ఆయన ఫోను ఆమె చెవికి ఆనించి, పడిపోకుండా తన చేత్తోనే పట్టుకున్నాడు.

మొదట తన తిట్లు తనే విన్నది. మొహం చిట్లించుకుంది. ఆ తర్వాత ఖాళీ వచ్చింది. తీసేయబోతే యాదన్న చెయ్యి వదల్లేదు.

"ఆగు. తర్వాత ఉంటది."

ఉంది. రవళి గొంతు. దరువు తగ్గి, గంజు అంచు మీద గరిటె చప్పుడు ఒక్కటే వెనకాల.

*ఆగిపోలే, ఊపిరి బట్టినం.*
*గల్లీ గల్లీ గిట్లనే బడ్తది, కొంగు ముక్కుకు చుట్టి.*
*నేను పుట్టిన రాత్రి గూడ గదే కంపు, గదే పొగ,*
*అందరు ముక్కు మూస్తే మా అమ్మ నోరు తెరిచింది.*
*నా చెవుల పడ్డ మొదటి మాట జోల కాదు, లొల్లి.*
*తాళం ఎవలు నేర్పిన్రని అడుగుతున్రు నన్ను:*
*గరిటె నేర్పింది, గంజు నేర్పింది,*
*నడుము మీద చెయ్యి వెట్టి నిలవడ్డ మా అమ్మ నేర్పింది.*
*కంపెనీకి గేటుంది, గేటుకు కావలుంది.*
*మా అమ్మకు గొంతుంది. దానికి కావలి నేనుంట.*

పాట అయిపోయింది. సంగమ్మ ఫోను చెవి నుంచి తీయలేదు. ఇంకా ఏమైనా ఉందేమో అన్నట్టు అట్లాగే కూర్చుంది. ఈసారి నిజంగానే ఏమీ లేదు.

ఫోనును కొంగుతో తుడిచింది. లోపలికి తీసుకుపోయింది. బియ్యం డబ్బా వైపు పోతుందని రవళి అనుకుంది. పోలేదు. గూట్లో ఎల్లమ్మ పటం పక్కన నిలబెట్టింది.

"ఉంచాల్నా, తీసెయ్యాల్నా?" రవళి వెనకాలే నిలబడి అడిగింది. "ఒక్క మాట అమ్మా. ఇగ ఏం అడగ."

సంగమ్మ పెదాలు కదిలాయి. మాట బయటికి రాలేదు. రావాలని ఉంది, రావడం లేదు. కోపం కాదు. రవళికి ఇప్పుడు అది తెలుస్తూనే ఉంది.

అప్పుడే కంపు దిగింది.

మొదట కుళ్లిన గుడ్లలాగా, తర్వాత కాలిన రబ్బరులాగా, ఆ తర్వాత ఏదీ కానట్టుగా, గొంతులో సూది గుచ్చినట్టుగా. వాకిళ్లలో ఉన్నవాళ్లు ముక్కులకు కొంగులు చుట్టారు. పొయ్యిల మీద గిన్నెలకు మూతలు పడ్డాయి. గల్లీలో అందరూ ఒక్కసారి సంగమ్మ తలుపు వైపు చూశారు. అలవాటు.

ఎవరూ బయటికి రాలేదు. గొట్టం పొగ వదులుతూనే ఉంది. పట్టపగ్గాల్లేవు దానికి.

గల్లీ మొదట్లో బండి ఆగింది. నవీన్‌కుమార్ దిగాడు. క్యాంటీన్ ఇన్‌ఛార్జి. చెడ్డవాడు కాదు, ఇంచుమించు మంచివాడు. ఇంచుమించు మంచివాళ్లతోనే ఈ కంపెనీలన్నీ నడుస్తున్నాయి. జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నడిచి వచ్చాడు.

"సంగమ్మక్క ఉన్నదా?"

రవళి గడపలో అడ్డం నిలబడింది. "ఏంది సార్?"

"ఏం లేదమ్మా. ఒక్క మాట. మీదినుంచి ఫోన్ల మీద ఫోన్లు. పాటల గొంతు ఎవలదో పేరు చెప్పాలె. నాకు నా నౌకరీ ఉన్నది."

"అమ్మ చెప్పింది గద, ఆమెది కాదని."

"చెప్పింది. అప్పటి సంది ఒక్క మాట మాట్లాడ్తలేదు. గదే పరేషాన్."

ఇంతలో అరుణమ్మ గోడ దాటినంత పని చేసి వచ్చింది. ముక్కుకున్న కొంగు విప్పింది. "సారూ, ఆమెనెందుకు సతాయిస్తవు? ఆ గొంతు నాది."

నవీన్‌కుమార్ ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. "నీదా?"

"నాదే. రాసుకో. అరుణమ్మ. నేను మీ కంపెనీల పని చెయ్య. నన్నేం పీకుతరు?"

"సరే అక్కా. ఏదీ, ఒకపారి తిట్టు, ఇంట నేను."

అరుణమ్మ గతుక్కుమంది. గొట్టం వైపు తిరిగింది. నడుము మీద చెయ్యి పెట్టింది, అదీ తప్పు చెయ్యి. గొంతు సవరించుకుంది.

"ఓ గొట్టమా... మీరు... మీరు మంచిగ చేస్తలేరు. మాకు చాల ఇబ్బందైతున్నది. దయచేసి జెర మూత పెట్టుకోండి."

గల్లీలో ఎవరో పకపకా నవ్వారు. నవీన్‌కుమార్ కూడా రుమాలు వెనకాల నవ్వాపుకోలేకపోయాడు. "గిది తిట్టా అక్కా? అర్జీ ఇచ్చినట్టున్నది."

"ఆగు సారూ, ఇంకా అయిపోలే. ఓ గొట్టమా, మీకు తల్లిగారు లేరా అండి..."

"ఓ అరుణా, ఊకో."

గల్లీ ఆగిపోయింది.

సంగమ్మ గడపలో నిలబడి ఉంది. రవళిని భుజం పట్టి పక్కకు జరిపింది. "గొట్టానికి అండి ఏందే? అది నీ మొగనికి మేనమామనా? నా పేరు చెడగొడ్తవా?"

అరుణమ్మ కళ్లు మెరిశాయి. "వచ్చిందమ్మా మహారాణి," అని గొణిగి వెనక్కి తగ్గింది.

సంగమ్మ వాకిట్లోకి దిగింది. సరైన చెయ్యి నడుము మీద పడింది. ఇన్నాళ్లు దాచిన గొంతు మొదట గరగరలాడింది, తర్వాత నిలబడింది.

"ఏమే గొట్టమా, నేను పలుకకపోతే నీకు పండుగైందా? అడిగేది లేదని అంగి ఇప్పుకొని ఎగురుతున్నవా? నా బిడ్డ పుట్టిననాడు ఇడిసినవు, నా బిడ్డ పాడేనాడు ఇడుస్తున్నవు. దానికైతె ఆపుడు తెలుసు. పాట నడిమిట్ల ఆపి ఊపిరి తీసుకుంటది. నీకు ఆ మర్యాద గూడ లేదు. జెర మూత పెట్టుకో."

చివరి మాట గల్లీ అంతా కలిసి అంది. ఎవరూ చెప్పలేదు. కలిసింది, అంతే.

నవీన్‌కుమార్ రుమాలు దించాడు. "అక్కా, మొన్న నాది గాదంటివి."

"అవు, గట్లనే అన్న," అంది సంగమ్మ. "అబద్ధమాడిన. నౌకరీ పోతదని, నా గొంతును నాది గాదన్న. గందుకే ఇంట్ల గూడ నోరు రాలే సారూ. బిడ్డ మీద కోపమని అందరనుకున్నరు. దాని మీద నాకేం కోపం? మొదట్ల జెర భయమైంది, ఫోన్‌ను బియ్యంల పెట్టిన. కాని నాది గాదని ఒప్పుకున్న గొంతుతోని దాన్ని బిడ్డా అని ఎట్ల పిలవాలె?"

రవళి తల్లి చెయ్యి పట్టుకుంది. సంగమ్మ విడిపించుకోలేదు. "బిడ్డా," అంది మెల్లగా, సరిగ్గా వస్తోందా అని చూసుకున్నట్టు. "పాట ఉంచు. ఈసారి అడగకుండ పట్టినవనుకో, కాళ్లిరగ్గొడ్త."

నవీన్‌కుమార్ జేబులో ఫోను మోగింది. తీసి పేరు చూశాడు. ముఖం మాడిపోయింది. మీదోళ్లే.

"సార్... ఆ, గల్లీలనే ఉన్న సార్... లేదు సార్, ఇంకా దొరకలే. ఈడ అందరి గొంతులు ఒక్క తీరుగనే..."

సంగమ్మ చెయ్యి చాపింది. "ఇటియ్యి."

"అక్కా, వద్దు. నేను సంభాళించుకుంట. నీ నౌకరీ..."

"నువ్వు మంచోనివి. నాకు ఎరుకే. ఇటియ్యి."

ఆమె చెయ్యి వెనక్కి తగ్గలేదు. అతను ఇచ్చేశాడు. అవతలి గొంతు అందరికీ వినపడే మీట రవళి నొక్కింది.

"హలో సారూ. నేను సంగమ్మను. మీ క్యాంటీన్ల మీకు అన్నం వడ్డించేదాన్ని. పాటల గొంతు నాదే. నా బిడ్డ నన్ను అడగకుండ పెట్టింది, మా ఇంటి లొల్లి మేం చూసుకున్నం. మీ గొట్టం గూడ మమ్ముల అడగకుండనే వస్తది సారూ. దాని లొల్లి ఎవలు చూడాలె? చెప్పున్రి. ఇంటున్న."

అవతల ఏమీ వినపడలేదు.

గల్లీ అంతా కొంగుల కింద ఊపిరి బిగబట్టి నిలబడింది. సంగమ్మ ఫోనును ముందుకు చాపి పట్టుకుంది. అవతల చప్పుడు లేదు. ఇంకా లేదు.

నవీన్‌కుమార్ చెయ్యి చాపాడు. "కట్ అయినట్టుంది అక్కా. ఇటియ్యి, పెట్టేస్త."

మంచం మీంచి యాదన్న లేచి వచ్చాడు. ఎడమ చెవిని ఫోను దగ్గరికి ఆనించి, అతని చేతిని పక్కకు జరిపాడు.

"పెట్టెయ్యకు సారూ. జెర ఆగు. తర్వాత ఉంటది."